టోకెన్ పైకొచ్చింది, మనిషి రాలేదు

బెంగళూరులో ఇన్నేళ్లు ఉండి కోలారు బంగారు గనులు చూడలేదంటే తణుకులో మావాళ్లెవరూ నమ్మరు. "బంగారం పక్కనే కాపురం, ఒక్క గాజైనా చేయించుకున్నావా" అని మా మేనత్త ఎగతాళి. గనులు మూసేసి చాలాకాలమైందని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కదు. చివరికి వెళ్లాను. వెళ్లింది గనుల కోసం కాదు, పద్మజ కోసం. ఆ సంగతి వెంటనే రాయకపోవడానికి నా బద్ధకం కారణం కాదు. నోరు మూసుకుంటానని కొందరికి మాటిచ్చి ఉన్నాను. గడువు తీరింది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా చెప్పుకోవచ్చు.

పద్మజ, నేను ఇంజనీరింగు హాస్టల్లో ఒకే గది. తను ఆ గనుల దగ్గరి ఊరిగాం కోడలై, అక్కడి బడిలో కంప్యూటర్ టీచరైంది. నేను బెంగళూరులో ఒక కంపెనీలో, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో కన్నాలు వెతికే పనిలో కుదిరాను. దొంగ కన్నా ముందు దొంగలా ఆలోచించాలి, అందుకే జీతం.

పద్మజ బడికి పరీక్ష పేపర్లు కంప్యూటర్‌లో వస్తాయి. వాటి తాళంచెవి ఆ కంప్యూటర్ లోపల ఉండే భద్రతా చిప్‌లో దాగుంటుంది. పద్మజ వేలు పెడితేనే అది పనిచేస్తుంది. అలాంటిది పరీక్షకి ముందే పేపర్ ఊరంతా తిరిగింది. ఎవరు తెరిచారని చిప్‌ని అడిగితే పద్మజ పేరు చెప్పింది. ఆ వేళకి తను అదే గదిలో, అదే కంప్యూటర్ ముందు హాల్ టికెట్లు ముద్రిస్తూ ఉంది, పక్కన సాక్ష్యానికి పురుగు కూడా లేదు. సస్పెండ్ చేశారు. సోమవారం విచారణ. తప్పు రుజువైందని అధికారి రాసి పంపితే ఉద్యోగం పోతుంది, పేపర్ అమ్ముకున్న టీచరన్న పేరు మాత్రం పోదు.

చిప్ అబద్ధం చెప్పదు, నిజమే. కానీ చిప్‌తో ఎవరూ నేరుగా మాట్లాడరు. మధ్యలో డ్రైవర్ అనే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, పెద్దదొర గది ముందు స్టూలేసుకు కూర్చున్న బంట్రోతులాగ. ఆ బంట్రోతుకి దొరతో సమానమైన అధికారం. ఏ అనామక ప్రోగ్రామైనా వచ్చి "చిప్‌తో పనుంది, గది ఇవ్వు" అంటే ఇస్తాడు. లోపల ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకుంటాడు, అందరూ వెళ్లారనుకోగానే ఆ గది ఇంకొకరికి ఇస్తాడు. అంతకు ముందు నెలలో నేను కనిపెట్టిన కన్నం సరిగ్గా ఆ లెక్కలోనే ఉంది. ఒకడు తనతోపాటు రెండోవాడి తరఫున కూడా "వెళ్లిపోయాడు" అని చెప్పెయ్యొచ్చు. బంట్రోతు నమ్మేస్తాడు. లోపల మనిషి ఉండగానే గది ఇంకొకడి చేతిలో పెడతాడు. తలుపు మీద పాత పేరే, పాత హోదాయే. కొత్తగా దూరినవాడు ఆ క్షణం నుంచి యజమాని. ఒక్క తాళం కూడా పగలదు.

పద్మజ పంపిన వివరాల్లో, పేపర్ తెరుచుకోవడానికి కాస్త ముందు డ్రైవర్ పదేపదే తడబడినట్టు ఉంది. నా బల్ల మీద ఆ కన్నంలోంచి దూరి చూసినప్పుడు కూడా అచ్చం అలాగే తడబడేది. ఎవరో అదే కన్నంలోంచి దూరారు. కానీ ఆ కన్నం గురించి చిప్ తయారుచేసేవాళ్లకు అప్పటికే చెప్పాను, వాళ్లు సవరణ సిద్ధం చేశారు, అది అందరి కంప్యూటర్లకీ బుధవారం పొద్దున చేరుతుంది. అంతవరకు బయటపెట్టనని మాట. పెడితే ఎన్ని ఇళ్లలో దొంగలు పడతారో. సోమవారం విచారణ, బుధవారం సవరణ! అధికారి ఒక్కడి చెవిలో వేయొచ్చా అని అడిగితే, ఒక్కరికి చెప్పింది ఒక్కరి దగ్గర ఆగదన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు. అందుకే నాకు మరింత ఒళ్లు మండింది.

చిక్కుడుకాయల రైలు

శుక్రవారం సాయంత్రం ఊరిగాం మీదుగా మారికుప్పం వెళ్లే రైలెక్కాను. గనులు మూతపడ్డాక అక్కడి జనం పొట్ట చేత్తో పట్టుకుని బెంగళూరు రావడం మొదలుపెట్టారు. తెల్లవారకముందే ఎక్కుతారు, సాయంత్రం తిరిగి వెళ్తారు. కాబట్టి ఇది వాళ్లకి సగం ఇల్లు. ఒక మూల పేకాట, ఒక మూల భజన, కిటికీ దగ్గర ఒకాయన లుంగీలోకి మారిపోయి గురక. మా గోదావరి పాసింజర్లలో రాజకీయాలు నడుస్తాయి. ఇక్కడ ఆడవాళ్లు రాత్రి వంటకి కూరలు తరుక్కుంటారు.

నా పక్కనావిడ ఒక గుడ్డసంచి విప్పి, అడక్కుండానే నా ఒళ్లో దోసెడు చిక్కుడుకాయలు పోసింది.

"ఊరికే కూచుంటే నిద్ర వస్తాది మా. ఇంద, నార తీయి."

తీశాను. ఏం చేస్తాను?

"ఊరిగాంలో యాడికి మా?"

"స్నేహితురాలి ఇంటికండీ."

"పెండ్లా?"

"కాదు, ఊరికే."

"మా ఊరికి ఊరికే ఎవరొస్తారు మా!" అని నవ్వింది.

పొలాల మీద ఎండ పలచబడింది. రైలు ఊపుకి భజన ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తోంది. చేతిలో కాయ చేతిలోనే ఉండగా కళ్లు మూతపడ్డాయి. ఆ మత్తు ఆ ప్రయాణం అంతా నన్ను వదల్లేదు. ఇప్పుడు తలుచుకున్నా సగం చూసినట్టు, సగం కలగన్నట్టు ఉంటుంది.

బంగారపేటలో రైలు కాసేపు ఆగుతుందంటే పానీపూరి కోసం దిగాను. ఆ ఊరి పానీపూరి గురించి విన్నాను గానీ, బండివాడు పూరీలో పోసింది చూస్తే పచ్చి మంచినీళ్లు. రంగు లేదు, ఆకు తునక లేదు. ముప్ఫై రూపాయలు పోసి నీళ్లు తాగుతున్నానేమిటా అని గుటక వేశాను. చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఆ కారం ఎక్కడ దాక్కుందో దేవుడికే తెలియాలి.

"నీళ్లనుకొంటివా మా?" అన్నాడు బండివాడు, ఏమాత్రం జాలి లేకుండా.

కళ్లు తుడుచుకునేసరికి రైలు కదిలింది. చిక్కుడుకాయలావిడ తలుపు దగ్గర నిలబడి నా జబ్బ పట్టుకుని లోపలికి లాగింది. "కాయలు సగం మిగిలుండాయి, యాడికి పోతావు?" అని కోప్పడింది. బుద్ధిగా కూర్చుని మిగతా సగం తీశాను.

ఊరిగాం

స్టేషన్ బయట మొదట కనిపించేవి దిబ్బలు. గని లోంచి తీసిన రాతిని పొడిచేసి, బంగారం పిండుకుని పారబోసిన బూడిదరంగు ఇసుక, కొండలంత ఎత్తున. సాయంత్రం వెలుతురులో అవి గాలికి తేలిపోతాయేమో అన్నట్టున్నాయి. గాలి వీస్తే ఆ ఇసుకే ఇళ్లలోకి వచ్చి అన్నంలో కూడా కరకరలాడుతుందట. కంపెనీ కట్టిన పాత ఇళ్లు, వరసగా చర్చిలు, రోడ్డు మీద ఒకే వాక్యంలో తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు.

పద్మజ గుమ్మంలోనే బోర్లించిన ఇత్తడి బిందెని చింతపండేసి తోముతోంది. ఇంట్లో ఉన్న ఇత్తడంతా అప్పటికే తళతళ మెరిసిపోతోంది.

"సస్పెండ్ చేసినప్పటి నుంచి ఇదే పని మా" అన్నాడు వాళ్ల మామగారు మునిరత్నం. "నన్ను గూడా తోముతాదేమోనని భయంగా ఉండాది."

గని పనివాళ్ల రాకపోకలు రాసే టైమాఫీసులో ఆయన ఒకప్పుడు గుమాస్తా. ఎనభైకి దగ్గరపడ్డా మెరుపులాంటి మనిషి. నేను "మావయ్యగారూ" అంటే ఆయనకి నవ్వు. "గారు గీరు వద్దు మా, మామా అను చాలు" అన్నాడు. మా వైపు గారు తగిలించకపోతే వీపు విమానం మోతే, ఇక్కడ తగిలిస్తే మనిషి దూరమైపోతాడు.

రాత్రికి మందంగా పోసిన కల్‌దోసె, ములక్కాడ సాంబారు. పద్మజ భర్త కూడా బెంగళూరు ఉద్యోగమే, నా వెనక రైల్లో దిగాడు. అతను చెప్పులు విడవగానే మునిరత్నం మామ గడియ మీద చెయ్యేసి ఇంట్లోకి కేకేశాడు.

"అందరూ పైకొచ్చినారా?"

"వచ్చినారు మామా" అంది పద్మజ. అప్పుడు గడియ పడింది.

షిఫ్టు అయిపోయాక గని దగ్గర అడిగే ప్రశ్నట అది. గని నీళ్లతో నిండిపోయి ఎన్నో ఏళ్లయినా ఈ ఇంట్లో అది అడక్కుండా తలుపు వేయరు.

వంటింట్లో పద్మజ నా వైపు తిరక్కుండానే అడిగింది. "నువ్వు నమ్ముతున్నావా, నేను చేయలేదని?"

"తెలుసు. నమ్మడం కాదు, తెలుసు."

"ఎట్ల తెలుసు?"

నాలుక చివరిదాకా వచ్చింది. "బుధవారం చెబుతాను" అన్నాను.

"సోమవారం నా మెడ తెగినాక బుధవారం మందు పూస్తావా?" అంది. చేతిలోని గిన్నె చప్పుడు చేస్తూ పెట్టి వెళ్లిపోయింది. హాస్టల్లో ఉన్నప్పటి నుంచి తన కోపం అంతే, నాలుగు మాటలు, తర్వాత రెండు రోజులు మౌనం. నాకు ఏడుపొచ్చింది.

చర్చి మెట్ల మీద

శనివారం పొద్దున ఊరు చూపిస్తానని మామ బయల్దేరదీశాడు. నేలలోకి దిగే షాఫ్టు మీద ఇనుప గోపురం, దాని పైన తిరగని చక్రం, చక్రం మీద పావురాలు. కింద మైళ్ల లోతున సొరంగాలు, వాటి నిండా నీళ్లు. మన కాళ్ల కింద అంత చీకటి నీరు నిలబడి ఉందని తెలిశాక నడక అదేమిటోగా, మెత్తగా మారిపోయింది. ఆయన మాత్రం దారినపోయే ప్రతి ముసలాయన్నీ పలకరిస్తూ, పేరు బదులు నంబరుతో పిలుస్తూ నడిచాడు.

ఒక చర్చి మెట్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, ఈ నంబర్ల గోల ఏమిటని అడిగాను.

"ఒక్కొక్కరికి ఒక ఇత్తడి టోకెన్ మా, దాని మీద నంబరు. లోపలికి పోయేటప్పుడు తీసుకొని పోయేది. పైకొస్తే కిటికీలో ఇచ్చేది, నేను కొక్కేనికి తగిలించేది. కొక్కేనికి టోకెన్ ఉంటే మనిషి పైన ఉండాడని లెక్క. బోసిగా ఉంటే లోపల ఉండాడని."

"ఎప్పుడూ లెక్క తప్పలేదా?"

ఆయన కాయలు ఒలవడం ఆపాడు.

"అంతోనీ అని ఒకడు. బండకు మందు పేల్చేవాడు. ఒక దినం లోపల వాని కాలు మెలిపడింది. రొంతసేపు కూచొని వస్తాను, అంతలోపల నా టోకెన్ ఇచ్చేయప్పా, లేకుంటే లేటని రాస్తారని జతగాని చేతికి ఇచ్చినాడు. వాడూ మంచోడే. ఒకే చేత్తో రెండు టోకెన్లు కిటికీలో పెట్టినాడు. అంతోనీ యాడప్పా అంటే, పైకొచ్చినాడు, కాళ్లు కడుక్కుంటాండాడు అన్నాడు. నేను తగిలించినాను. తెల్లారితే నా పెండ్లి మా, బిర్న పోయి బస్సెక్కాల."

నా చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది.

"తర్వాత?"

"తరవాతి షిఫ్టు నుంచి అంతోనీకి లీవు. లీవులో ఉండేవాని టోకెన్ బదిలీ కూలికి ఇచ్చేది మామూలు. నంగలి పక్క నుంచి ఒక అమాయకుడు వచ్చినాడు. అంతోనీ నంబరు వాని చేతిలో పెట్టినారు, పుస్తకంలో ఎవురూ రాయలేదు. మందు గోడౌన్‌లో ఆయప్ప మొగం చూడడు, నంబరు చూస్తాడు. నంబరేమో మందు పేల్చేవానిది. పెట్టె ఎత్తి ఇచ్చేసినాడు."

"అమ్మో! వాడేం చేశాడు?"

"ఏం చేస్తాడు? కంపెనీవాళ్లు సోపులు ఇచ్చినారనుకొన్యాడు. తల కింద పెట్టుకొని పండుకొన్యాడు."

మెట్ల మీద పడీపడీ నవ్వాను. ఆయనా నవ్వాడు గానీ ముందు ఆపేశాడు.

"పెట్టె ఒకటి తక్కువైందని గలాటా. అప్పటికి ఎట్లనో కుంటుకుంటూ పైకొచ్చిన అంతోనీని పిలిచినారు. నీ నంబరుకు ఇచ్చినాము, యాడ పెట్టినావంటారు. నేను లోపలే ఉన్నాను సార్, కాలు లేవలేదు అంటాడు వాడు. నీ టోకెన్ పైన ఉంటే నువ్వు లోపల ఎట్ల ఉంటావంటారు. నంబరు అబద్ధం చెప్తాదా? ఒకే దినంలో విచారణ, అదే దినం డిస్మిస్."

"ఆ జతగాడు నోరు విప్పలేదా?"

"విప్పితే వానికీ పోతాది గదా మా. నేను పెండ్లి చేసుకొని వచ్చేటప్పటికి అంతా అయిపోయె. ఆ కూలివాడు పెట్టె తెచ్చి, దీంట్లో సోపు ల్యాదు సామీ అని ఇచ్చేసినాడంట. నేను పరిగెత్తుకొని పోయి పెద్దసారుకు చెప్పినాను, రెండు టోకెన్లు ఒకే చేతిలో వచ్చినాయని. అయ్యో, వాన్ని పిలిపిస్తామన్నాడు. అంతోనీ ఇంటికి పోతే తాళం. పెండ్లాం బిడ్డల్ని తీసుకొని రైలెక్కినాడంట. యాడికని ఎవురికీ తెలీదు. ఇంగ రెండు దినాలు ఆగింటే…"

చర్చిలో ఎవరో పాట సాధన చేస్తున్నారు, అదే చరణం మళ్లీ మళ్లీ. నెల రోజులు కూర్చుని ఇంగ్లీషులో నేను రాసి పంపిన కన్నం, ముక్క పొల్లుపోకుండా, వేరుశనగ పొట్టు మధ్య పడి ఉంది. మామకి నా కన్నం సంగతి తెలియదు, చెప్పడానికి నాకు వీల్లేదు.

"ఈ విచారణాధికారి ఎలాంటివాడు మామా?"

"కృష్ణప్పా? సుగటూరు మనిషి. మా చిన్నమ్మ వైపు దూరం చుట్టం. చెడ్డోడు కాదు, కాకపోతే తొందర మనిషి. పైనుంచి ఒత్తిడి చేస్తాండారంట, సోమవారమే ముగించేస్తాడు."

"ఆయనకి ఈ కథ తెలుసా?"

మామ నా మొహంలోకి కాసేపు చూశాడు. "సుగటూరులో ఇప్పుడు పట్టుపురుగుల కాలం" అన్నాడు. "చూసేదానికి శానా బాగుంటాది."

సుగటూరు

పద్మజ రానంది. "విచారణ చేసేవాళ్ల ఇంటికి నేను వస్తే తప్పు చేసినదాన్నవుతాను. మీరు గూడా నా మాట ఎత్తకూడదు." ఎత్తమని ఇద్దరం ఒట్టేశాం.

ఆదివారం మామా నేనూ బయల్దేరాం, కోలారులో బస్సు మారాలి. ఆ ఊరు టమాటాలకి పెట్టింది పేరని నాకు తెలుసు, అయితే ఆ పేరు నా చీర మీద రాస్తారనుకోలేదు. పైన అరలో ఎవరో పెట్టిన పెట్టె కారి, కుడి భుజం నుంచి కిందికి ఎర్రగా చార పడింది. కండక్టరు చూసి "దెబ్బ తగిలిందా మా?" అని గాభరాపడ్డాడు. సుగటూరులో దిగేసరికి ఇంటింటి ముందూ ఆడవాళ్లు చింతకాయలు కొట్టి గింజ తీస్తున్నారు, ఊరంతా పులుపు వాసన. వాళ్లూ నా చీర వైపే చూశారు.

కృష్ణప్ప అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మామని చూసి లేచాడు, నన్ను పరిచయం చేయగానే మొహం మారింది.

"ఊరిగాం నుంచా? ఆ టీచరు విషయమైతే ఆఫీసుకు రండి. ఇంట్లో ఆ మాట ఎత్తేది తప్పు."

"ఎవరెత్తినారప్పా?" అన్నాడు మామ. "ఈ పాప పట్టుపురుగులు చూసిందే లేదంట. చూపిచ్చు."

"నేను చూపిచ్చేదా?" కృష్ణప్ప నీరసంగా నవ్వాడు. "గౌరిని అడగండి."

పురుగుల ఇంటి గుమ్మంలో ఆయన భార్య గౌరమ్మ కోటగోడలా నిలబడి ఉంది.

"సార్ చూసి రమ్మన్నారండీ" అన్నాను.

"ఆయప్ప పంపినాడని రానిచ్చేదానికి ఇది బస్టాండు కాదు మా. తలలో పూలు తీసేయి. పౌడరు పూసుకొన్యావా? మొగం కడుక్కో. కాళ్లు ఆ సున్నం నీళ్లలో ముంచు. ముంచు, నేను చూడాల."

అన్నీ చేశాను. కాళ్లు రెండుసార్లు ముంచాను. మరి సారు అంటే, "ఆయప్పకు అసలే లేదు, బీడీ కంపు. పురుగు చచ్చిపోతాది" అంది.

లోపల మసక వెలుతురు. వెదురు తట్టల మీద పచ్చగా మల్బరీ ఆకు, ఆకు మీద తెల్లటి పురుగులు. మొదట బయట వాన మొదలైందనుకున్నాను. అది పురుగులు ఆకు మేస్తున్న చప్పుడు. తట్టల మధ్య నిలబడి వింటుంటే ఎక్కడ ఉన్నానో, ఎందుకొచ్చానో, రేపు సోమవారమని, అన్నీ మెల్లగా కరిగిపోయాయి. గౌరమ్మ ఒక పురుగుని వేలి మీదికి తీసుకుని వెలుతురుకి పట్టింది. లోపల పండులా పసుపు పాకుతోంది. "పండింది. రేపటి నుంచి గూళ్లు కడతాయి" అని గుసగుసగా చెప్పింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మామ వచ్చి గుమ్మం బయటి నుంచి పిలిస్తేగానీ కదల్లేదు.

భోజనానికి రాగిముద్ద, ఉప్పుసారు అనే పలచటి పులుసు. నేను ముద్దని నములుతుంటే అందరూ తినడం మానేసి నన్ను చూశారు. ముద్ద నమలకూడదు, పులుసులో దొర్లించి మింగాలి. మింగితే గొంతులో సగం దారిలో ఆగింది. గౌరమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది, దిగింది.

ఆ నవ్వుల్లోనే మామ గని కబుర్లు మొదలుపెట్టి అంతోనీ దగ్గరికి వచ్చాడు. పద్మజ పేరు లేదు, పరీక్ష మాట లేదు. సోపుల దగ్గర కృష్ణప్ప పొలమారేలా నవ్వాడు. విచారణ దగ్గర నవ్వు తగ్గింది. ఇంటికి తాళం దగ్గర చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఆ అంతోనీ ఏమైనాడు?"

"తెలీదప్పా."

"మళ్లీ ఎప్పుడూ కనబడలేదా?"

"లేదు."

కృష్ణప్ప చెయ్యి కడుక్కుని అరుగు మీదికి వెళ్లాడు. బీడీ తీశాడు, వెలిగించలేదు. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"నువ్వు ఏం పని చేస్తావు మా?"

"నేనూ టైమాఫీసు పనేనండీ. కంప్యూటర్ లోపల టోకెన్లు సరిగ్గా లెక్కపెడుతున్నారో లేదో చూస్తాను."

ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "చిప్పు అబద్ధం చెప్పదని తెలిసినోళ్లు రాసిచ్చినారు."

"గోడౌన్ ఆయన కూడా అబద్ధం చెప్పలేదు కదండీ."

అనేశాక భయమేసింది. ఇచ్చిన మాట ఎక్కడిదాకా ఉంది, నేను ఎక్కడ నిలబడ్డాను? పెదవి కొరుక్కున్నాను.

"ఇంగేమైనా చెప్పేది ఉండాదా?"

"బుధవారం తర్వాత ఎప్పుడు పిలిచినా వచ్చి చెబుతాను, మీ కళ్ల ముందు చేసి చూపిస్తాను. అంతకు ముందు అడిగితే నాకు నోరు లేదండీ. ఎందుకు లేదో చెప్పడానికి కూడా లేదు."

ఆయన వెలిగించని బీడీని వేళ్ల మధ్య తిప్పాడు. వీధిలో చింతకాయలు కొడుతున్న చప్పుడు. తర్వాత పురుగుల ఇంటి వైపు కేకేశాడు.

"గౌరీ, పురుగులు రేపట్నుంచి గూడుకు ఎక్కతాయి గదా? ఎన్ని దినాలు పని?"

"మూడు నాలుగు దినాలు ఊపిరాడదు. ఎందుకు?"

"నేను ఉండాల గదా."

"మీరెందుకు? బీడీ కంపు పెట్టుకొని!"

ఆయన వినిపించుకోలేదు. ఫోను తీసి, ఆదివారం కాబట్టి పైఅధికారి ఇంటికే చేసి కన్నడంలో మాట్లాడాడు. పురుగులు పండాయి, ఇంట్లో చేతులు చాలవు, గురువారం దాకా సెలవు కావాలి, సోమవారం పెట్టుకున్న విచారణ శుక్రవారానికి మార్చండి అన్నాడు. కోలారు జిల్లాలో ఆ కారణానికి ఎదురు చెప్పే ఆఫీసు ఉండదట. అవతలివాళ్లు పంట బాగా వచ్చిందా అని కూడా అడిగారు.

గౌరమ్మ నడుం మీద చేతులేసుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఎవరికి చేతులు చాలవు?"

"ఊరికే ఉండు మే" అన్నాడాయన.

నాకు ఆయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది. పెడితే పద్మజ మాట ఎత్తినట్టవుతుందని ఊరుకున్నాను.

ఆగిన రోజులు

విచారణ శుక్రవారానికి మారిందని పద్మజకి చెప్పాను. పెరట్లోకి వెళ్లి, తోమిన బిందెనే మళ్లీ తోమడం మొదలుపెట్టింది. తోముతూ తోముతూ భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. నేను పక్కన కూర్చుని చింతపండు అందించాను.

సోమవారం, మంగళవారం ఊరిగాంలో ఉత్తినే గడిచాయి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం దిబ్బల మీద వెలుతురు పసుపు, తర్వాత బూడిద. పద్మజా నేనూ హాస్టల్ వంటవాడి పప్పు గురించి గంటలకొద్దీ మాట్లాడుకున్నాం. బుధవారం పొద్దున కాఫీ తాగుతుండగా నా ఫోను మోగింది. సవరణ విడుదలైంది, లోకమంతటికీ చెప్పేశారు, కన్నం కింద నా పేరు కూడా వేశారు. ఆ పేరు చూసుకునే తీరికెక్కడిది? పద్మజని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. విని, "అంటే మా మామ కిటికీ!" అంది. అంతే.

శుక్రవారం కోలారులో కృష్ణప్ప ముందు, సవరణ వేయని ఒక కంప్యూటర్ పెట్టి, ఆయన వేలిముద్ర దానికి నేర్పాం. ఆయన్నే వేలు పెట్టి ఒక కాగితం తెరవమన్నాను. తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ఏ అధికారమూ లేని మామూలు లాగిన్‌లో కూర్చున్నాను. మొదటిసారి తప్పింది, రెండోసారి తప్పింది. తర్వాతిసారి తాళం వేసి ఉన్న రెండో కాగితం తెరుచుకుంది. ఎవరు తెరిచారని చిప్‌ని అడిగాం. కృష్ణప్ప అని చెప్పింది. ఆయన తన వేలు ఎత్తి, అది తనదేనా అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

పద్మజ తప్పు లేదని అక్కడే రాశాడు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చిన ప్రోగ్రాం ఆ పని చేసిందని తర్వాత తేలింది. దాని వెనక ఎవరున్నారో ఇంకా వెతుకుతున్నారు.

నంగలి

పద్మజ ఊరిగాం బస్సెక్కింది, నేను మావాళ్ల దగ్గరికి వెళ్లొద్దామని తిరుపతి వైపు బస్సెక్కాను, అక్కడి నుంచి తణుకు రైలు పట్టుకోవాలి. దారిలో ముళబాగిలులో దిగి దోసె తిన్నాను. చేతి మందాన, అడుగు కరకరలాడుతూ, మీద నెయ్యి ముద్ద. యాభై రూపాయలకి అంత సుఖం ఉంటుందని తెలియదు. నంగలిలో బస్సు టైరు పంచరై అందరం దిగాం. ఇంకాస్త ముందుకెళ్తే ఆంధ్ర. మామిడి తోటల మీద చీకటి కమ్ముకుంది. ఎప్పుడో ఒక అమాయకుడు ఈ పక్క నుంచే బయల్దేరి వెళ్లి, మందు పెట్టె తల కింద పెట్టుకుని నిద్రపోయాడు కదా అనుకుంటూ టీ తాగుతున్నాను. ఫోను మోగింది.

"నేను మా, మునిరత్నం. యాడుండావు?"

"నంగలిలో మామా. పద్మజ వచ్చిందా?"

"ఇప్పుడే వచ్చింది. మొగుడు గూడా వచ్చినాడు. తలుపు వేసే ముందర నిన్ను గూడా అడుగుదామని చేసినాను." గొంతు సవరించుకున్నాడు. "అందరూ పైకొచ్చినారా?"

"వచ్చారు మామా. అందరూ."

అవతల గడియ పడలేదు.

"ఒకడు తక్కువ మా" అన్నాడు. "అంతోనీ."

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు.

"సరే లే, ఇంగ వేసేస్తాను" అన్నాడు మామ. ఫోనులోనే గడియ పడిన చప్పుడు వినిపించింది. "నువ్వు భద్రంగా పోయి రా."